ఘాటీ మలుపులో ఆగే కారు

మా బావ పోయాక ఆయన కారు జయపురం నుంచి కోరాపుట్ ఎక్కే కొండదారి ఘాటీలో ఒకే మలుపు దగ్గర ఆగిపోవడం మొదలుపెట్టింది. రెండువేల దశకం చివరి మాట ఇది. ఆ మలుపు దగ్గరే బావ కారు పక్కకు తీసి, ఇంజను కట్టేసి, స్టీరింగు మీద తల ఆనించి పోయాడు. గుండెపోటన్నారు. కోరాపుట్‌లో ఆయన పెట్టిన కిరాణా కొట్టు ఇప్పుడు అక్కే చూసుకోవాలి, అందుకని వారానికోసారైనా ఆ దారి తప్పదు. నడిపేది నేను. ఆడపిల్ల కారు నడిపితే అప్పట్లో జయపురం బజారంతా మెడలు తిప్పి చూసేది. నేను హారన్ కొట్టి మరీ తిప్పించేదాన్ని.

ఆగడం కూడా మర్యాదగానే ఆగేది. కుదుపు ఉండేది కాదు, దగ్గు ఉండేది కాదు. చప్పుడు పోయేదంతే. పొగమంచులో ఎక్కడో రాళ్ల మీంచి నీళ్లు జారడం వినిపించేది. అప్పుడు అక్క పక్క సీట్లోంచి నావైపు తిరిగేది. నన్ను చూసేది కాదు, నేను కూర్చున్న బావ సీటును చూసేది.

"ఏటండీ, బెల్లం దింపించేను. నల్లగుంది. ఉంచీమంటారా, తిప్పి పంపీమంటారా?" అని అడిగేది. కాసేపు వినేది. తలూపేది. ఒకసారి ఉండబట్టలేక నేను నోరు తెరిస్తే, "నువ్వూరుకో అమ్మీ, నిన్నడగనేదు" అంది. కాసేపయ్యాక తాళం తిప్పితే బండి బుద్ధిగా కదిలేది. ఆ బెల్లం మర్నాడు తిరిగి వెళ్లిపోయింది.

దయ్యాలంటే నాకు భయం లేదు, లారీలంటే ఉంది. మంచులో వెనకనుంచి లోడు లారీ వచ్చి గుద్దితే ఇద్దరం బావ దగ్గరికే పోతాం. నాకు ఆ బండి ఆగకూడదు. అక్కకేమో ఆ ఆగడమే కావాలి. మెకానిక్కేమో బజార్లో ఎంతసేపు తిప్పినా తప్పు దొరకదు. ప్లగ్గులు మార్చాడు, పెట్రోలు పంపు మార్చాడు, చివరికి చేతులు తుడుచుకుంటూ, "దీదీ, ఒక పూజ చేయించండి" అన్నాడు. చూశావా అన్నట్టు అక్క నావైపు చూసింది. నాకు ఒళ్లు మండిపోయింది.

విశాఖపట్నం వెళ్లినప్పుడు స్కానర్ కొనుక్కొచ్చాను. అరచేతిలో పట్టే పెట్టె, దానికో వైరు. స్టీరింగు కింద సాకెట్లో గుచ్చితే, బండిలోని కంప్యూటర్ గుర్తుపెట్టుకున్న తప్పుల్ని నంబర్లుగా చూపిస్తుంది. ఓ మధ్యాహ్నం పెరట్లో కారు పెట్టి గుచ్చాను. ఒక నంబరు వచ్చింది. ఇంజను తిరుగుతోందని కంప్యూటర్‌కి చెప్పే సెన్సర్ ఉండుండి మూగబోతోందని దాని అర్థం. ఆ కిందే, ఆగిన క్షణంలో వేగం ఎంతో, వేడి ఎంతో కూడా ఉన్నాయి. గుమ్మంలో నిలబడ్డ అక్క దగ్గరికి వచ్చి తల వంచి చూసింది.

"ఆరోజుది కూడా ఉంటాదా ఇందులో?"

"లేదక్కా. ఇది మొన్న మనం ఆగినప్పటిది."

"ఆగిపోయిన గడియ ఎలా దాసుకుందో సూడు," అంటూ ఆ పెట్టెను వేలితో నిమిరింది.

బానెట్ ఎత్తి, వైరు వెంబడి చేయి పోనిచ్చి, సెన్సర్ ప్లగ్గు ఊడదీశాను. లోపల పచ్చగా చిలుం పట్టి ఉంది. ఆ చిలుంలో ఎర్రగా కుంకం గడ్డకట్టి ఉంది. దసరాకి అందరూ కారుకి బొట్లు పెట్టి, కొబ్బరికాయ నేల మీద కొడతారు. మా బావ బానెట్ ఎత్తేవాడు. కష్టపడేది ఇంజనైతే పైరేకుకి పూజేమిటనేవాడు. కాయ ఇంజను మీదే కొట్టి, కుంకం నీళ్లు దాని మీదే చల్లేవాడు. ఆ నీళ్లే లోపల్లోపల తినేశాయి. కింద బజార్లో బాగానే ఉండేది. ఎక్కుడులో ఇంజను కాగి, ఆ మలుపులో బండి ఒరిగేసరికి ప్లగ్గు పట్టు వదిలేసేది.

"ఇది ఆయన సేత్తో పెట్టిందే," అంది అక్క. ఆమెకు రుజువు దొరికింది. తప్పు యంత్రానిదని చూపిద్దామని నేను బానెట్ ఎత్తితే, లోపల నిజంగానే బావ చేయి ఉంది.

"తుడిచేస్తానక్కా. లేకపోతే ఏదో రోజు లారీ కింద పోతాం."

అక్క చాలాసేపు ఆ ఎరుపునే చూసింది. తర్వాత, "తుడిసీ" అని లోపలికి వెళ్లిపోయింది.

గుడ్డతో గీకి, శుభ్రం చేసి బిగించాను. తప్పులు చెరిపేయాలా అని స్కానర్ అడిగితే, అవునని నొక్కాను.

ఆ వారం ఘాటీలో మంచు బాగా దిగింది. మలుపు దగ్గరపడగానే అక్క ఎప్పట్లాగే చీర సర్దుకుని నావైపు తిరిగింది. "ఏటండీ, కొట్టుకి సున్నం ఎయిద్దామని..." అంటోంది. బండి ఆగలేదు. మలుపు వెనక్కి వెళ్లిపోయింది. మాట సగంలో ఉండగానే అక్క మెడ తిప్పి వెనక అద్దంలోంచి చూసింది. అక్కడ మంచు తప్ప ఏమీ లేదు. నేనే ఆపుదామనుకున్నాను, కానీ కాలు బ్రేకు మీదికి పోలేదు.

ఘాటీ దాటాక అడిగింది. "తిరిగొచ్చినప్పుడైనా ఆగుతాదా అమ్మీ?"

"ఆగదక్కా. బాగైపోయింది."

అక్క పమిట నోట్లో కుక్కుకుంది. కోరాపుట్‌లో కొట్టు తాళం తీసేదాకా ఏడుస్తూనే ఉంది, బావ పోయాడన్న కబురు అప్పుడే అందినదానిలా.