నైరుతి మూల కాగితం బావి

చుక్క నీరు పట్టని కాగితం బావిని ఇంట్లో ఏ దిక్కున పెట్టాలో మీరు వాస్తు చూస్తారా? నవ్వకండి. మియాపూర్‌లో, మా అపార్టుమెంటులో చూశారు.

మా ప్రహరీ వెనక పాత మెట్లబావి ఒకటుంది. కూల్చిన ఇళ్ల మట్టి తెచ్చి అందులో పోస్తుంటారు. బాల్కనీల్లోంచి చూసే పిల్లలు దాన్ని చెత్తకుండీ అనుకునేవారు. అందుకే ఆదివారాలు వాళ్లను క్లబ్‌హౌస్‌లో కూర్చోబెట్టి ఆ బావిని కాగితంతో కట్టించడం మొదలుపెట్టాను. దళసరి కాగితాన్ని ఒకసారి లోపలికి, ఒకసారి బయటికి మడిస్తే మెట్లవుతాయి. నాలుగు వైపులా అతికిస్తే నడుమ గొయ్యి దానంతటదే ఏర్పడుతుంది.

"ఇన్ని మెట్లెందుకు?" అని అడిగాను.

"నీళ్లు కిందికి పోతే మనం కూడా దిగాలి కదా తాతా!" అంది ఐదో తరగతి పాప. అందరికన్నా ఆమె బావే బాగా కుదిరింది. కమానులు కత్తిరించింది, రాళ్ల సందులు పెన్సిల్‌తో గీసింది.

సాయంత్రం ఆ బావితోనే తల్లిని వెంటబెట్టుకుని మా ఇంటికొచ్చింది. తల్లిది కడప వైపు, సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. ఆమె చేతిలో ఫోను, ఫోనులో దిక్సూచి.

"ఏమనుకోవద్దు సార్. పాప రూము నైరుతి. ఆడ బావి ఉండకూడదంట. మా అత్త ఒకటే గొడవ."

"కాగితంలో నీళ్లెక్కడున్నాయమ్మా?"

"గొయ్యి ఉంది కదా సార్."

"మీ బకెట్టులోనూ గొయ్యి ఉంది కదా! దాన్ని ఏ మూల పెట్టారు?"

ఆమె నవ్వేసింది. "మీతో గెలవలేం సార్. పోనీ, ఈశాన్యమైతే మంచిదని చెప్పండి. పెద్దోళ్లు, మీ మాటయితే మా అత్త వింటుంది."

పాప నా చొక్కా అంచు పట్టుకుంది. "చెప్పు తాతా. ఒక్కసారి."

ఒక్క మాటతో బావి ఆ ఇంటికి చేరేది. దాంతోపాటు ఆ పసిబుర్రలోకి ఒక మంచి దిక్కు, ఒక చెడ్డ దిక్కు కూడా చేరేవి. "అట్లాంటివి లేవు తల్లీ" అన్నాను. పాప బావిని నా బల్లమీద పెట్టి, వెనక్కి చూడకుండా వెళ్లిపోయింది.

సంగతి అపార్టుమెంటంతా పాకింది. ఆ వారంలోనే మిగతా పిల్లల బావులు నా గుమ్మం పక్క చెప్పుల స్టాండు మీదికి వచ్చి చేరాయి. ఎవరూ బెల్లు కొట్టలేదు. ఇప్పుడు ఆదివారం క్లబ్‌హౌస్‌లో కత్తెర్లు సర్ది కూర్చుంటాను. వాచ్‌మన్ తొంగిచూస్తాడు.

"ఇయ్యాల గూడ ఎవ్వలు రాలేదా సార్? ఇగ తాళం ఎయ్యాల్నా?"

"జర ఆగు" అంటాను. అతను ఆగుతాడు. జిగురు డబ్బాలో గడ్డకట్టింది.

బావులన్నీ నా గదిలో, నైరుతి మూలనే ఉన్నాయి. వాటి పక్కన కూర్చుని ఒక్కడినే అన్నం తింటాను. వాదనలో గెలిచినవాడికి పలకరింపు కరువవుతుందని, మూఢనమ్మకాల మీద నేను మాట్లాడిన ఏ వేదిక మీదా ఎవరూ నాకు చెప్పలేదు. చెప్పినా ఆ పాపకు అబద్ధం చెప్పేవాణ్ణి కాను. గోడవతల అసలు బావిలో మరో లారీ మట్టి పడింది.

ఫోనులో ఆ దిక్సూచి ఆపేయండి. రండి, నా తలుపు తట్టండి. మీ పిల్ల కట్టిన బావిని తీసుకెళ్లి, ఆ పిల్ల ఎక్కడ పెట్టమంటే అక్కడ పెట్టండి.