మిషనత్త కుట్టిన విప్పపువ్వు

మిషనత్త పోయింది. ముంచింగిపుట్టు సంత నుంచి వచ్చిన జీపు డ్రైవరు మా క్లాసు గుమ్మం దగ్గర నిలబడి, "టీచరమ్మా, మీ మిషనత్త తెల్లారగట్ల పోనాది" అని చెప్పాడు. ఆ తరవాత పిల్లలకు ఏం పాఠం చెప్పానో నాకు గుర్తు లేదు.

మా ఆశ్రమ పాఠశాలలో యూనిఫాములు కుట్టేది ఆవిడ. ఏ చుట్టరికమూ లేకుండానే మా అందరికీ అత్త. వరండా చివర కుట్టుమిషను, పక్కన అంబలి గిన్నె, నోట్లో ఎప్పుడూ ఒక దారం ముక్క. అది నములుతూనే తిట్టేది, నములుతూనే నవ్వేది. ఎవరైనా సంతలో కొన్న చొక్కా వేసుకొస్తే ముందు మెడ వెనక లేబులు కత్తిరించేది. "ఎవుడో తెలీనోడి పేరు పీక మీద మోత్తావేటే? గీసుకుంటాది కూడాను!" అనేది. నిజమే, గీసుకునేది.

నేను ఆరో తరగతిలో చేరిన ఏడాది స్కూలుకి కొత్త బ్యాడ్జీలు వచ్చాయి. ఆకుపచ్చ గుడ్డ మీద లేత పసుపు దారంతో ఒక దీపం. అత్త అందరి జేబుల మీదా కుట్టేసింది, అన్నీ తలకిందులుగా! మర్నాడు ప్రార్థనకు వరసగా నిలబడితే హెడ్‌మాస్టరు గారు అత్తను పిలిచి, దీపాలన్నీ తిరగబడ్డాయేమిటని అడిగారు.

"దీపమేటి బాబూ? విప్పపువ్వు కాదేటిది?" అంది అత్త. "విప్పపువ్వు కిందికే కదా సూత్తాది. పైకెట్టి కుడితే సూసినోలు నవ్వరేటి?"

మేం పడీపడీ నవ్వాం. ఆయనా పుస్తకం అడ్డం పెట్టుకుని నవ్వారు. చూస్తే నిజంగానే, ఆ మంటను తిరగేస్తే కొమ్మ నుంచి వేలాడే విప్పపువ్వులాగే ఉంది. "మా కొండల్లో దీపాలెక్కడ పూత్తాయి?" అని గొణుక్కుంటూ అత్త అన్నీ విప్పడం మొదలుపెట్టింది.

నాకు మాత్రం నవ్వు కాస్తా ఏడుపైంది. అప్పటికే ఇంటి బెంగతో తిండి సయించడం లేదు. విప్పపువ్వు అనగానే పూలేరడానికి బుట్ట పట్టుకుని చెట్టు కిందికి నడిచే అమ్మ కళ్ళ ముందుకొచ్చింది. ఇక చదువూ వద్దు, ఏమీ వద్దనుకున్నాను. సాయంత్రం సంచి సర్దుకుని బయల్దేరాను. గేటుకు వెళ్ళాలంటే అత్త ముందు నుంచే వెళ్ళాలి.

"ఏటే గుంటా, ఎల్లిపోతన్నావా?"

"ఎల్లిపోతాను. మరి రాను."

"ఎల్లు. నీ చొక్కా బ్యాడ్జీ ఒకటే మిగిలిపోనాది. ఇచ్చి ఎల్లు."

సంచిలోంచి తీసి ఇచ్చాను. దీపాన్ని నిటారుగా కుట్టింది. తరవాత మిగిలిపోయిన బ్యాడ్జీ ఒకటి వెతికి తీసి, అదే జేబు వెనక, చొక్కా లోపలివైపు, తలకిందులుగా కుట్టింది.

"బయట దీపం, బడిది. లోపల పువ్వు నీది. అమ్మ మీద బెంగెట్టుకుంటే ఇక్కడ సెయ్యెట్టుకో. రేపటికీ తగ్గకపోతే నేనే దింపుతాను."

మర్నాడు ఆగాను. ఆ తరవాతా ఆగాను. క్లాసులో, అన్నం దగ్గర, పడుకునే ముందు గుండె మీద చెయ్యి పెట్టుకునేదాన్ని. అదేదో భక్తి అనుకుని వార్డెనమ్మ మెచ్చుకుంది కూడా! చొక్కా పొట్టి అయినప్పుడల్లా అత్త ఆ పువ్వును విప్పి కొత్తదానికి కుట్టేది. నేను ఎప్పుడూ అడగలేదు. మా ఊరి నుంచి నాతో చేరినవాళ్ళు ఒక్కొక్కరే బడి మానేశారు. నేను మానలేదంటే అది అత్త చలవే.

టీచరుగా అదే బడికి వచ్చిన రోజు, నా మెడలోని ఐడీ కార్డును అత్త అటూ ఇటూ తిప్పి చూసింది. "ఎనకాల ఏటీ లేదేటే?" అంది. ఇద్దరం నవ్వుకున్నాం. ఆ పువ్వు నా పర్సులో ఉందని అప్పుడే చూపించాల్సింది. మళ్ళీ ఎప్పుడైనా చూపిద్దాం అనుకున్నాను.

ఆ సాయంత్రం వాళ్ళ ఊళ్ళో మట్టి చెయ్యబోయే ముందు, ఆవిడ మీద కప్పిన తెల్లగుడ్డకు గుండె దగ్గర ఆ పువ్వు కుట్టాను. ఆవిడ కోడలు వంగి చూసింది.

"తిరగబడిపోనాది టీచరమ్మా. సరిగ్గా ఎట్టండి."

"సరిగ్గానే ఉందమ్మా. విప్పపువ్వు కిందికే సూత్తాది" అన్నాను.

దారం తెంపడానికి కత్తెర లేదు. పళ్ళతో కొరికాను. మట్టి వేసి అందరూ ఇళ్ళకు మళ్ళేదాకా ఆ ముక్క నా నోట్లోనే ఉంది.