కేసులో ఉన్న కట్ట

హన్నమ్మకు ఆళ్లగడ్డ దగ్గరి పల్లెలో మూడెకరాల నల్లరేగడి ఉండేది. ఆ ఊళ్లో ఎవరి చేని కట్ట వారిదే. ఎండాకాలం చివర్లో పైచేను వాళ్లూ కిందిచేను వాళ్లూ కలిసి గట్లు ఎత్తి, పల్లపు మూలన రాళ్లు పరిచి గండి వదిలేవాళ్లు. మట్టి ఆగాలి, నీళ్లు పోవాలి. రేగడిలో నీళ్లు నాలుగు రోజులు నిలిస్తే కొర్ర కుళ్లిపోతుంది.

డెబ్భై ఎనిమిదిలో ఆ పని ప్రభుత్వం తీసుకుంది. ప్లాను ఎక్కడో పై ఆఫీసులో గీశారు. ఎర్రనేలకైనా రేగడికైనా అదొక్కటే. గండ్లన్నీ పూడ్చి నడుమెత్తు కట్టలు వేశారు. అనుమతి లేకుండా పార పెట్టకూడదని దండోరా కూడా వేయించారు.

మరుసటి శ్రావణంలో వాన పట్టుకుంది. మోకాలెత్తు కొర్ర నీళ్లలో నిలబడింది. హన్నమ్మ ఆళ్లగడ్డకు పోతే కట్టల పని చూసే సూపర్‌వైజరు నంద్యాలకు పొమ్మన్నాడు. నంద్యాలలో గుమాస్తా తలెత్తలేదు.

“ప్లాను పైనుంచి వచ్చిందమ్మా. మార్చడానికి మేమెవరం? అర్జీ పెట్టుకో. నెలలో జవాబొస్తుంది.”

“నెలకు కొర్ర యాడుంటాదప్పా? నీ జవాబు కోసుకోని తినాల్నా?”

బస్సు దిగి నేరుగా చేనికి పోయింది. కట్ట కోసి, పాత రాళ్లు వెతికి పరిచింది.

నాలుగో రోజు సూపర్‌వైజరు వచ్చాడు. భయస్థుడు. “వానకు తెగిందని రాస్తానమ్మా. వేలిముద్ర వెయ్యి. నీకూ గొడవ లేదు, నాకూ లేదు.”

“వానకు తెగితే ఏం చేస్తారు?”

“మళ్లీ కడతాం.”

“ఆడనే?”

“ప్లానులో ఎక్కడుంటే అక్కడే.”

“అట్లయితే వాన కోయలే. నేను కోసినా. అట్లే రాసుకో.”

కిందిచేను అంకన్న తల కొట్టుకున్నాడు. “ముద్ర వెయ్యి తల్లీ! వాన మీద ఎవురూ కేసు పెట్టరు. నిన్నయితే జైల్లో ఏస్తారు.”

“ఏయనీ. నువ్వు నోర్మూసుకోన్నా.”

ప్రభుత్వ కట్ట తెంపిందని కేసు పడింది. అంకన్న కూడా తన కట్ట కోశాడు గానీ, వానే అని ముద్ర వేశాడు.

మరు ఏడు కూలీలు తెగిన కట్టలు పూడ్చుకుంటూ వచ్చారు. అంకన్నది పూడ్చారు. హన్నమ్మ చేను దాటి పోయారు.

“నీది కేసులో ఉందక్కా,” అన్నాడు మేస్త్రీ. “కోర్టు తేల్చేదాకా ముట్టగూడదంట.”

ఆ మాట ఆమె రెండుసార్లు చెప్పించుకుంది.

అప్పటినుంచి ఒక్క వాయిదా తప్పలేదు. ఏడేళ్లు నంద్యాలకు తిరిగింది. చుట్టూ చేలు నీళ్లు నిలిచి ఎర్రబడుతుంటే ఆమె కొర్ర ఇంటికొచ్చేది. తన చేను నీళ్లలో మునిగిన అంకన్న ఆమెతో మాట్లాడటం మానేశాడు. ఆఫీసువాళ్లు ఆమెను చూస్తే పళ్లు నూరేవాళ్లు.

ఎనభై ఆరు జ్యేష్ఠంలో సర్కారు వకీలు విసిగిపోయాడు. “తప్పయిందని ఒక్క ముక్క రాసివ్వమ్మా. కేసు ఎత్తేస్తాం.”

“ఎత్తేస్తే కట్ట ఎవురిదైతాది సారూ?”

“గవర్నమెంటుదే. మళ్లీ కట్టుకుంటారు.”

“అయితే వద్దు. వాయిదా ఎయ్యి,” అంది హన్నమ్మ. “కోతలయినంక ఎయ్యి సారూ. ఇప్పుడు ఇత్తనం పనుంది.”