కోచ్‌ను ఎయిర్‌పోర్టులో దింపివచ్చిన అన్న

నిన్న సాయంత్రం నాలుగుంబావుకు, కువైట్‌లోని అబూ హలీఫాలో మా గది కిందనున్న టీ కొట్టులో కూర్చుని ఉండగా, టీవీలో బాస్కెట్‌బాల్ ప్లేఆఫ్ మ్యాచ్ చూస్తున్న ఇద్దరు కుర్రవాళ్ళు, గెలిపించేది ఆటగాడి ప్రతిభా లేక కోచ్ బుర్రా అని వాదించుకోవడం మొదలుపెట్టారు. వయసులో ఉన్నప్పుడు ఇదే వాదన మా అన్నకూ నాకూ రోజూ జరిగేది. అన్న పోయి ఈ చలికాలానికి ఏడాది.

అప్పట్లో ఒకే క్లబ్బులో అన్న జట్టు బస్సు నడిపేవాడు, నేను హాలులో చెమట పడిన చోటల్లా పరుగెత్తి నేల తుడిచేవాణ్ణి. జట్టులో ఈ దేశపు యువకుడొకడు ఉండేవాడు. బంతి అతని చేతికొస్తే జనం లేచి నిలబడేవారు. అన్నకు అతనంటే ప్రాణం.

"చెయ్యి తిరిగినోనికి ఇంగొకడు చెప్పేదేందిరా? నేను బస్సు తోలేటప్పుడు నువ్వొచ్చి చెప్తే ఎట్టుంటాది?" అనేవాడు.

నేను కోచ్ పక్షం. ఆయన ఐరోపా నుంచి వచ్చిన మితభాషి, మాలాగే ఇఖామా అనే నివాస అనుమతి మీద బతికే మనిషి. ఫైనల్స్ ఓడితే ఆయన్ను పంపించేస్తారని అందరికీ తెలుసు.

మూడు మ్యాచ్‌ల ఫైనల్స్‌లో మా జట్టూ అవతలి జట్టూ చెరొకటి గెలిచాక, ఆఖరి మ్యాచ్‌లో ఆ యువకుడు ఎవరికీ బంతి ఇవ్వకుండా తానే వేస్తూ పోతుంటే, కోచ్ అతన్ని పిలిచి బెంచీ మీద కూర్చోబెట్టాడు. హాలంతా కేకలు వేసింది. బెంచీ ముందు నేల తుడుస్తూ నేను తలెత్తి చూశాను గానీ కోచ్ మాట మార్చలేదు.

"ఖలాస్‌రా, ఆ యప్ప పెట్టె సర్దుకోవాల్సిందే" అన్నాడు తలుపు దగ్గర నిలబడిన అన్న.

మిగిలినవాళ్ళు బంతిని ఒకరికొకరు అందించుకుంటూ ఆడి చివరికి గెలిచారు.

"ఏంన్నా, ఇప్పుడేమంటావు?" అన్నాను.

"కప్పు సూసినావు గానీ, ఆ పిల్లోని మొగం సూసినావా?" అన్నాడు.

గెలిచినా కోచ్ నిలవలేదు. ఆయన కింద ఇక ఆడనని ఆ యువకుడు పట్టుబట్టాడు, క్లబ్బు వాళ్ళు అతని మాటే విన్నారు. ఎయిర్‌పోర్టులో ఆయన్ను దింపివచ్చిన అన్న అన్నం ముందు కూర్చుని ముద్ద ఎత్తలేదు.

"దావంతా ఆ పిల్లోని గురించేరా. ఎడం చెయ్యి ఇంగా కుదర్లేదంట, సాధన వదలొద్దని చెప్పమన్నాడు. తనను పంపించినోనికి!"

కొత్త సీజన్ మొదటిరోజు, ఆటగాళ్ళు బస్సు దిగుతుండగా అన్న ఆ యువకుణ్ణి ఆపి, పాత కోచ్ చెప్పమన్నాడంటూ ఒక్క మాట అన్నాడు. "యసార్." అరబ్బీలో ఎడమ అని అర్థం, డ్రైవర్లు ఇక్కడ మొదట నేర్చుకునే మాటల్లో ఒకటి. అతనికి కోపమొస్తే కోచ్‌కు జరిగినదే అన్నకూ జరుగుతుంది. నేను హాలు గుమ్మంలో తుడుపుకర్ర పట్టుకుని చూస్తున్నాను. అతను మెట్టు మీంచే ఎడమ చెయ్యి ఎత్తి చూపి లోపలికి వెళ్ళాడు. ఆ తర్వాత ప్రతి మ్యాచ్‌కూ దిగేటప్పుడు అన్న ఆ మాట అనడం, అతను చెయ్యెత్తడం అలవాటైపోయింది.

ఆటగాడా, కోచా అన్నది మా మధ్య తేలనే లేదు. తేల్చుకోవడానికి ఇప్పుడు అన్న లేడు. నేనింకా ఆ హాలు తుడుస్తూనే ఉన్నాను. ఆటగాళ్ళు ఎవరి కారులో వాళ్ళు వస్తున్నారు. జట్టుకు బస్సు తీయడం మానేశారు.