కట్టెల మీద చల్లిన నీళ్లు

చాలా ఏళ్లుగా ఒక మాట నా గొంతులో అడ్డంపడి ఉంది. మింగలేను, కక్కలేను. ఇంట్లోవాళ్లకు కూడా చెప్పలేదు. నువ్వు నన్నెరగవు కాబట్టి నీకు చెబుతున్నాను.

పావగడ తాలూకాలో ఒక పల్లె మాది. శెనక్కాయల వ్యాపారం నాది. తొంభైల మొదట్లో, వానలు వరసగా ఎగ్గొడుతున్న రోజుల్లో, మా ఊరికి కట్టెలతో కరెంటు తీసే మిషను వచ్చింది. ఎండుకట్టెను ముక్కలు చేసి పొయ్యిలో వేసి, గాలి తక్కువగా తగలనిస్తే గ్యాసు వస్తుంది. ఆ గ్యాసుతో ఇంజను తిరుగుతుంది, బోరు మోటారు ఆడుతుంది. మైళ్లు నడిచి నీళ్లు మోసిన ఆడవాళ్లు వీధి కొళాయి దగ్గరే బిందెలు నింపుకున్నారు. నవ్వకు. నిజంగా నడిచింది.

ఆ మిషను కోసం ఊళ్లో అందరికంటే ఎక్కువ వాదించింది నేనే. శెనక్కాయ పంట పోయినా సర్కారు తుమ్మ పోదు, నరికిన మొద్దులోంచే మళ్లీ చిగురేస్తుంది, డీజిలు కోసం ఎవడి కాళ్లూ పట్టుకోనక్కర్లేదు అని కనపడినవాడికల్లా చెప్పాను. అంత తెలిసినవాణ్ణి, ఆ పాడుపని ఎలా చేశాను?

కట్టె తెచ్చిపోసే పని నాకే వచ్చింది, తూకం లెక్కన డబ్బు. మా వ్యాపారంలో ఒక అలవాటుంది. తూకానికి ముందురోజు కాయల కుప్ప మీద నీళ్లు చిలకరిస్తాం. కాస్త ఎక్కువ తూగుతుంది. కొనేవాడికీ తెలుసు, ఎవరూ తప్పనుకోరు. కట్టెకూ అదే చేశాను. తడిపి, గోనెసంచులు కప్పి, పైన ఆరాక పంపాను. ఆ కరువులో ఆ నీళ్లు కూడా ఆ మిషను తోడిపెట్టినవే. మొదటిసారి చెయ్యి అలవాటు కొద్దీ చెంబు అందుకుందనుకుందాం. ఇంజను ఆగి ఆగి నడుస్తోందని విన్నాక కూడా చల్లానే, దాన్నేమనాలి?

మిషను నడిపేవాడు ఓబులేశు. కరువుకు గొర్రెలన్నీ అమ్ముకున్న ఇంటివాడు, ఆ పని దొరికాకే ఊళ్లో తలెత్తుకు తిరిగాడు. ఒక సాయంత్రం చేతులనిండా తారు జిగురుతో నా అంగడికి వచ్చాడు.

"అన్నా, ఇంజన్లో తారు పేరుకుంటాండాది. కట్టె ఎండిందేనా?"

"ఎండిందేప్పా. నీ కండ్లకు కనపళ్లేదా?"

"పైన ఎండినట్లే ఉండాది. లోపల యాడన్నా తడి ఉండాదేమో అని..."

నాకు కోపం వచ్చింది. దొరికిపోయినవాడికి వచ్చే కోపం. అంగట్లో వెలుగుతున్న దీపం మీద చెయ్యి పెట్టాను.

"ఈ దీపం మీద ఒట్టు. నీకు నడిపేది రాకుంటే నా కట్టె మీద పెడతావేందిరా?"

"ఒట్టెందుకన్నా? నువ్వు చెప్తే సాలు" అని వెళ్లిపోయాడు.

తడికట్టె వదిలిన తారు పేరుకుని, కొద్దిరోజులకే ఇంజను కదలకుండా పట్టేసింది. ఊరు కూడింది. ఆడవాళ్లు ఖాళీ బిందెలతో వచ్చి ఓబులేశును నోటికొచ్చినట్టు తిట్టారు. వాడు తల వంచుకుని, "కట్టె మంచిదే. తప్పు నాదే అయ్యుంటాది" అన్నాడు. నేను ముందు వరసలోనే ఉన్నాను. నోరెందుకు పెగల్లేదు? పరువా? పరువే. థూ!

మిషను మళ్లీ లేవలేదు. ఆడవాళ్లు మళ్లీ మైళ్లు నడిచారు. ఓబులేశు ఊళ్లో మొహం చూపించలేక వై.ఎన్.హొసకోటకు పోయి బస్టాండులో పంక్చర్ల అంగడి పెట్టుకున్నాడు.

ఈమధ్య ఆ బస్టాండులో ఇద్దరు కుర్రాళ్లు తిరుమణి దిక్కు పొలాల్లో కరెంటు కోసం పరిచిన సోలారు పలకల గురించి మాట్లాడుకుంటూ, "మనోళ్లు ఒకప్పుడు కట్టెలతో కరెంటు తీస్తామన్యారంటప్పా!" అని పగలబడి నవ్వారు. నాకు ఒళ్లు మండింది. మండి ఏం లాభం? నోరు విప్పింది నేను కాదు. ట్యూబు పక్కన పెట్టి ఓబులేశు లేచాడు.

"నవ్వొద్దండప్పా. కట్టె తప్పేమీ లేదు. బ్రమ్మాండంగా నడిచినాది. నాకు నడిపేది రాక చెడగొట్టినా." అప్పుడు నన్ను చూశాడు. వాడి జుట్టంతా నెరిసిపోయింది. "కావాలంటే అన్నను అడగండి."

"అవును" అన్నాను.

అంతే అన్నాను. బస్సెక్కి వచ్చేశాను. వాడికి చెప్పాల్సింది నీకు చెబుతున్నాను, ఇదీ పిరికితనమేనని తెలుసు. అయినా ఒక్కసారి బయటికి అననీ.

ఓబులేశుకు నడపడం వచ్చు. కట్టె తడిపింది నేను.