రేవులో దించిన బరువు

మొన్నటి వానకు ఎదురింటి అబ్బాయి జీపు సీటు నానిపోయింది. ఊడదీసి మా ప్రహరీ మీద ఎండకు వేశాడు. తడిసిన తోలు, కొబ్బరి పీచు, ఏ మూలో ఇంకిన పెట్రోలు, మూడూ కలిసిన వాసన కిటికీలోంచి వచ్చింది. చేతిలో చాయ్ ఉంది, ఇంట్లో అందరూ క్షేమమే, భయపడాల్సింది ఏమీ లేదు. అయినా లేచి తలుపు దాకా వెళ్ళి వచ్చాను, ఎవరో కబురు మోసుకొస్తున్నట్టు. ఆ వాసన తగిలితే నేను గోదావరి ఒడ్డున నిలబడి డాక్టరమ్మ కోసం ఎదురుచూసే పిల్లనైపోతాను.

డాక్టరమ్మ పేరు వత్సలాబాయి. నాందేడు వైపు మరాఠీ మనిషి. హైదరాబాదు రాష్ట్రం ఇంకా ఉన్న రోజుల్లో, బొగ్గుబావుల ఊళ్ళో మా దవాఖానకు వచ్చింది. నేను అక్కడ నర్సు పని నేర్చుకుంటున్నాను. మరాఠీ, ఉర్దూ, మా తెలుగు కలిపి ఆమె తిట్టే తిట్లు మూడు వార్డుల అవతలికి వినిపించేవి. సూది సరిగ్గా మరగకపోతే తిట్టు, దుప్పటి మడత వంకరగా ఉంటే తిట్టు. నేను పుట్టిందే ఈవిడ చేత తిట్లు తినడానికా అని ఏడ్చిన రోజులున్నాయి. ఆమెకొక పాత కారు ఉండేది. రెండే సీట్లు, మనిషి నడుము ఎత్తు కూడా లేదు, గుడ్డ టాపు, పొడుగాటి ముక్కు. పడుచుతనంలో వాళ్ళన్న దాన్ని పందేల్లో నడిపేవాడట. పెళ్ళయ్యాక వదినగారు "కారో, నేనో తేల్చుకో" అంటే కారు చెల్లెలి దగ్గరికి చేరింది. చీర కుచ్చిళ్ళు బిగించి దోపుకొని ఆవిడ దాన్ని నడుపుతుంటే బావి నుంచి వచ్చే కార్మికులు దారి వదిలి నవ్వుకునేవారు.

ముసురు పట్టిన ఒక పొద్దున మా బావ మల్లయ్య తడిసి ముద్దై దవాఖానకు వచ్చాడు. వాళ్ళ ఊరు గోదావరి అవతల, కరీంనగర్ జిల్లాలో. "రాజవ్వా, మీ అక్క నిన్నటి సంది నొప్పులు వడుతుంది. బిడ్డ అడ్డం తిరిగిందట. మంత్రసాని చేతులెత్తేసింది" అని గోడకు ఆనుకొని కూలబడ్డాడు. మా లచ్చక్కకు మొదటి కాన్పులో బిడ్డ దక్కలేదు. మమ్మల్ని కన్న అవ్వ పోయాక నన్ను ఎత్తుకొని తిరిగి పెంచింది ఆ అక్కే. నేను ఉన్నచోటే నిలబడిపోయాను. డాక్టరమ్మ మాత్రం చేతులు తుడుచుకుంటూ, "ఊరు రేవుకు ఎంత దూరం? బండి దొరుకుతదా?" అని అడిగింది. దూరం చాలానే, ఎడ్ల బండైతే ఆ బురదలో పొద్దుగూకుతుంది అన్నాడు బావ. "అయితే కారు నది దాటాలె" అంది, అదేదో వీధి దాటడమైనట్టు.

రేవు దగ్గర వంతెన లేదు. రెండు పడవలను జోడించి పైన పలకలు పరిచిన బల్లకట్టే ఆధారం. లారీలను దాటించే పెద్ద బల్లకట్టు పగిలి ఒడ్డున బోర్లా పడి ఉంది. మిగిలింది ఉత్త బండ్లను దాటించే చిన్నది. దాన్ని నడిపే బెస్త పెద్ద గంగారాం. పడవల పక్కన వాళ్ళ నాయన తారుతో గీసిన నల్ల గీత ఒకటుంది. వరద నీళ్ళలో బరువుకు ఆ గీత మునిగితే గంగారాం పడవ తోసే గడ పట్టడు. "కలెక్టరొచ్చినా పట్ట" అనేవాడు. కారును పలకల మీదికి తోశారు. గీత మునిగింది. నా ప్రాణం కూడా దాంతోనే మునిగింది.

డాక్టరమ్మ ఒక్క క్షణం నీళ్ళ వైపు చూసి, కారును మళ్ళీ ఒడ్డుకు తోయించి, పానాల సంచీ విప్పింది. "ఏది లేకున్నా నడుస్తదో గది తియ్యాలె" అంది. వెనక తగిలించిన స్టెప్నీ చక్రం దిగింది. టాపు, దాని ఇనుప కమ్మీలు, ముందు అద్దం, బంపర్లు, రెండు తలుపులు, బానెటు రేకులు, ఒక్కొక్కటే ఇసుక మీదికి వచ్చాయి. సీట్లు పీకించి, తను కూర్చోవడానికి గోనెసంచి మడిచి వేసింది. గంగారాంకు కూడా హుషారొచ్చింది. రేడియేటర్లో నీళ్ళుంటాయని తెలిసి, "గోదారి మీద నీళ్ళు మోసుడేందమ్మా? అవతల గంగమ్మనే వోస్తది గద" అన్నాడు. అవీ ఒంపేశారు. చివరికి మందుల పెట్టె తెరిచి, "రాజవ్వా, నువ్వు జెప్పు, ఇండ్ల ఏది లేకున్నా నడుస్తది?" అంది. నేను పట్టుకారు తీయబోయి జారవిడిచాను. వంగి తీయబోతే మళ్ళీ జారింది. ఆమె తిట్టకపోవడం చూసి నాకు మరింత భయమేసింది.

ఈసారి కారెక్కితే గీత నీళ్ళ అంచున ఆడింది. డాక్టరమ్మ గంగారాంను పక్కకు పిలిచి ఉర్దూలో ఏదో మెల్లగా అంది. అతను వచ్చి నా వైపు చూడకుండా, "ఒక్క మనిషి ఎక్కువైతుండు" అన్నాడు. డాక్టరమ్మ లేకుండా కాన్పు లేదు, కారు నడిపేదీ ఆమే. బావ లేకుండా దారి తెలియదు. మిగిలింది నేను. "మా అక్క, డాక్టరమ్మా" అన్నాను. "సామాను కాడ ఉండు. సీటు తడవనియ్యకు" అంది. బల్లకట్టు కదిలింది. కారులోంచి తీసేసిన చక్రం, తలుపులు, సీట్ల పక్కన నన్నూ ఒక సామానులా దించేసి వెళ్ళారు.

మధ్యాహ్నం దాటాక గంగారాం తిరిగొచ్చి, నన్ను నవ్వించాలనుకున్నాడేమో, అవతల ఒడ్డు సంగతి చెప్పాడు. "ఇసుక గదా, బండి ఎంత అల్కగుంటె అంత మంచిదని మా పోరగాండ్లు మందుల పెట్టెను గూడ కిందికి దించిండ్రు. చక్రాలు ఉన్నకాడ్నే గిర్రుగిర్రున తిరగబట్టె! డాక్టరమ్మ గరమైంది. ఎద్దులు గుంజే బండి గాదురా, చక్రాలే గుంజాలె, వాటి మీద బరువుండాలె అన్నది. ఇగ నలుగురం పోయి దాని ఎనక మీద కూసున్నం, గప్పుడు కదిలింది." నాకు నవ్వు రాలేదు. ఇప్పుడైనా దాటించమని కాళ్ళావేళ్ళా పడ్డాను. "కారు వోయింది, నడిచి యాడికి వోతవ్ బిడ్డా?" అన్నాడు. ఆపైన నోరు జారాడు: "నువ్వు బక్కపోరివి. నువ్వెక్కితే పడవ మునుగుతదా? డాక్టరమ్మ వద్దన్నది గాబట్టి గట్లన్న."

కావాలనే దించిందన్నమాట. ఎందుకు? అక్క బతకదని ఆమెకు తెలుసు, నేను చూడకూడదని దించింది. ఇంకే కారణం ఉంటుంది? మనసు ఒక్కసారి చెడు వైపు తిరిగితే దానికి అన్నీ సాక్ష్యాలే దొరుకుతాయి. ఆమె తిట్టకపోవడం ఒక సాక్ష్యం, మెల్లగా మాట్లాడడం ఇంకొకటి. వాన మళ్ళీ పట్టుకుంది. సీట్ల మీద టార్పాలిన్ పట్టా కప్పాలని కూడా తోచలేదు. గంగారాం భార్య నన్ను గుడిసెలోకి లాక్కెళ్ళి జొన్న గట్క పెడితే ముట్టలేదు. నీళ్ళ అవతల మా అక్క ఉంది, లేదా లేదు. తెల్లారేవరకూ ఆ రెండు మాటల మధ్యే కొట్టుకున్నాను. డాక్టరమ్మను అంతగా ఎన్నడూ ద్వేషించలేదు.

మర్నాడు పొద్దున అవతలి ఒడ్డున కారు కనబడింది. గోదావరి వెడల్పులో మనిషి ఆకారం తప్ప మొహం తెలియదు. బల్లకట్టు దగ్గరికొచ్చేకొద్దీ ఆమె మొహంలోకే చూశాను. ఏమీ దొరకలేదు. పలకల మీది నుంచి దిగుతూనే సీట్ల వైపు చూసి, "తడిపినవ్ గదనే! ఒక్క పని జెప్తే గది గూడ శాతగాదు" అని గొంతెత్తింది. నేను ఇసుకలో కూలబడి ఏడ్చేశాను. అప్పుడు నా భుజం మీద చెయ్యి వేసి, "ఆడపిల్ల. మీ అక్క చాయ్ తాగింది, ఇంకొకటి గావాలన్నది" అంది.

తలుపులూ చక్రమూ బిగించుకొని, తడి సీటు మీద కూర్చొని తిరిగొస్తుంటే అడిగేశాను. "నన్నెందుకు దించిన్రు డాక్టరమ్మా? పడవ మోసేది గద."

"పడవ మోసేది" అంది, రోడ్డు మీది నుంచి చూపు తిప్పకుండా. "మీ అక్క నువ్వుంటె నీ మొకమే జూస్తది. నీ మొకంల అంతా కనవడుతది. గది చూస్తె ఆమె ధైర్యం వోతది. అరె బాబా, గా బరువు నాకెందుకు?"

నాకు కోపం తగ్గలేదు. చాలా రోజులు మాట్లాడలేదు కూడా. బాలింతరాలుగా ఉన్న అక్కను చూడబోయినప్పుడు ఆమె నవ్వుతూ చెప్పింది: "పిల్ల పుట్టంగనే ఏడ్వలే. మొదటిది గూడ గట్లనే సప్పుడు చెయ్యలే గద. భయమై డాక్టరమ్మ మొకం దిక్కు జూసిన. ఆమె పిల్ల వీపు రుద్దుకుంటనే తిడుతుంది. గోనెసంచి మీద కూసొని నా నడుం ఇరిగింది, గీ ఊరికి తొవ్వ ఎవడేసిండు, వాన్ని పట్టుకొస్తె కారు నెత్తి మీద పెడుత అని. నాకు నవ్వొచ్చింది. గట్ల తిట్టేటామె చేతుల సచ్చిన పిల్ల ఎందుకుంటది అనుకున్న. గంతల్నే పిల్ల ఏడ్చింది."

డాక్టరమ్మ బదిలీ అయి వెళ్ళిపోయింది. కారు ఏమైందో తెలియదు. నేను కరీంనగర్‌లో కాన్పుల వార్డులోనే ముసలిదాన్నయ్యాను. గయ్యాళి సిస్టరని నాకు పేరు. ఆ రోజు పుట్టిన పిల్లే పెద్దదై కాన్పుకు నా వార్డుకే వచ్చింది. అక్క దాని వెంట లోపలికి రాబోయింది. రెండు చేతులూ అడ్డం పెట్టాను. "దాని తల్లిని నేను! నన్ను ఆపుతవా?" అని అరిచింది. "తల్లివి గాబట్టే" అని తలుపు వేశాను. బయట ఆమె తలుపు బాదుతూనే ఉంది. లోపల బిడ్డ నా చేతుల్లోకి వచ్చాడు, కానీ ఏడవలేదు. అక్క కూతురు కళ్ళు తిప్పి నా మొహంలోకి చూసింది. నేను వాడి వీపు రుద్దుతూ, కిర్రుకిర్రుమంటున్న ఫ్యానును, దాన్ని బాగుచేయని వాణ్ణి, వాణ్ణి పనిలో పెట్టుకున్న వాణ్ణి వరుసపెట్టి తిట్టడం మొదలుపెట్టాను. పసివాడు కెవ్వుమనేదాకా ఆపలేదు.