చిల్లరమ్మ పడవ

మా అత్తకు మనుషుల ముఖాలు గుర్తుండవు, చేతులు గుర్తుంటాయి. బజారులో ఎవరైనా నవ్వుతూ పలకరిస్తే తెల్లముఖం వేస్తుంది. వాళ్లు దేనికో జేబులోంచి డబ్బులు తీసేసరికి, "అయ్యో, మీరా! పోయిన నెల మీ అమ్మగారితో అవతలి ఒడ్డుకు వెళ్లారు కదూ!" అంటుంది. పడవల రేవులో టికెట్ కౌంటర్‌లో పద్దెనిమిదేళ్లు కూర్చున్న మనిషి ఆవిడ. మసక అద్దం కింద అర్ధచంద్రంలా కోసిన కంతలోంచి ఆవిడకు కనబడేవి చేతులే.

ఆ కౌంటర్ ఒక రేకుల గది. నాలుగడుగుల వెడల్పు, ఐదడుగుల పొడవు. తలుపు లోపలికి తెరుచుకుంటుంది. కాబట్టి బయటికి రావాలంటే ముందు స్టూలు ఎత్తి బల్లమీద పెట్టాలి, గోడకు వీపు ఆనించి తలుపు లాగాలి, ఆ తర్వాత ఊపిరి బిగబట్టి పక్కకు జరగాలి. వెనక గోడకు అవతలే నీళ్లు. సముద్రం పాయ అది, ఉప్పునీళ్లు. పడవ బయల్దేరితే అత్తకు ఇంజను చప్పుడూ డీజిలు వాసనా అందుతాయి, అంతే. పడవలు తిరుగుతున్నంతసేపూ కౌంటర్ తెరిచి ఉండాలి. కౌంటర్ మూసేసరికి పడవలు కట్టేస్తారు. సోమవారం సెలవు, ఆ రోజు పడవలూ ఉండవు. అందువల్ల ఊరందరికీ టికెట్లు చింపి ఇచ్చిన అత్త పద్దెనిమిదేళ్లలో ఒక్కసారి కూడా పడవ ఎక్కలేదు.

సరిపడా చిల్లర తేనివాళ్లను ఆవిడ వరసలోంచి పక్కకు నిలబెడుతుంది. రేవులో అందరూ ఆవిడను చిల్లరమ్మ అంటారు. అలా పిలిస్తేనే పలుకుతుంది కూడా.

అత్తకు నలభై నాలుగో ఏడు నడుస్తుండగా మూడో నంబరు గొలుసు ఖాళీ అవుతోందని తెలిసింది. రేవులో పడవలు కట్టడానికి ఆరు గొలుసులున్నాయి. గొలుసు ఎవరిదైతే అక్కడ పడవ కట్టి జనాన్ని ఎక్కించుకునే హక్కు వాళ్లది. మూడో నంబరు, అక్కడ పడవ నడిపే ముసలి సరంగుది. ఆయనకు చూపు తగ్గింది, మరుసటి ఏడాది చివరికల్లా దిగిపోతానన్నాడు. రేవు ఉద్యోగులు కూడా అర్జీ పెట్టుకోవచ్చు. సొంత పడవ ఉండాలి, నడిపే లైసెన్సు ఉండాలి, పడవ తనిఖీలో నెగ్గాలి, వయసు నలభై అయిదు నిండకూడదు. మిగతా ఐదు గొలుసులవాళ్లూ కుర్రాళ్లు. మళ్లీ ఒకటి ఖాళీ అయ్యేనాటికి అత్తకు అరవై వస్తాయి.

"ఈసారి కాకపోతే ఆ డబ్బాలోంచి నన్ను నలుగురు మోసుకుపోవాల్సిందే," అంది మామయ్యతో.

మామయ్య దర్జీ. వరండాలో కుట్టుమిషను ముందు కూర్చుని తల ఎత్తకుండానే, "నలుగురు మోయాలన్నా ముందు ఆ స్టూలు తీయాలిగా," అన్నాడు.

రేవు గోదాము వెనక గడ్డిలో ఒక అల్యూమినియం మోటారు పడవ బోర్లా పడి ఉండేది. పదహారడుగులది. పనికిరాదని ఆఫీసువాళ్లు దాన్ని పాత సామాన్ల కొట్టుకు తూకానికి అమ్మేశారు. కొట్టతను బండి తీసుకొచ్చి ఎక్కించుకుంటుంటే అత్త కంతలోంచి చెయ్యి బయటపెట్టి పిలిచింది. సాయంత్రానికి ఆ పడవ మా అత్తవాళ్ల ఇంటికీ ప్రహరీగోడకూ మధ్య ఉన్న సందులో నాలుగు డ్రమ్ముల మీదికి చేరింది. వంటింటి కిటికీ పూర్తిగా మూసుకుపోయింది. మర్నాటి నుంచి పట్టపగలే బల్బు వేసుకుని వంట. నీళ్ల పంపు దగ్గరికి వెళ్లాలంటే గోడకు వీపు రాసుకుంటూ అడ్డంగా నడవాలి.

"అక్కడొక కౌంటర్ చాల్లేదని ఇంటికి ఇంకోటి తెచ్చావా?" అన్నాడు మామయ్య.

కొట్టతను మాత్రం వెళ్తూ వెళ్తూ ఒక మాట చెప్పాడు. "అమ్మా, అల్యూమినియం మహా పట్టింపు మనిషిలాంటిది. రేకులు కలిపే రివెట్లు కూడా అల్యూమినియంవే కొట్టు. ఇనుము తగలాల్సి వస్తే మధ్యలో రబ్బరు వెయ్యి. రాగిని మాత్రం దరిదాపులకి రానివ్వకు. ఉప్పునీళ్లలో రాగి తగిలిందా, అల్యూమినియం తెల్లగా పొడి అయిపోతుంది."

"తెలిసిందిలే. పట్టుచీరకు గోనెగుడ్డ అతుకు వేయకూడదు," అన్నాడు మామయ్య.

అప్పట్నుంచి అత్తకు అదే పట్టుదల. పొద్దున్నే అయిదింటికి లేచి ఎనిమిదింటిదాకా, సోమవారాలైతే రోజంతా. పాత రంగు గీకడానికే రెండు నెలలు పట్టింది. లోపలి చెక్క నేల కుళ్లిపోయి చేతికి అటుకుల్లా వచ్చింది. ఇంజను బిగించే వెనక పలక తీసి కొత్తది వేసింది. ఇనప బోల్టు పెట్టాల్సిన ప్రతి చోటా మామయ్య సైకిలు ట్యూబును గుండ్రంగా కత్తిరించి ఇచ్చాడు. చొక్కాకు గుండీలు కుట్టినంత శ్రద్ధగా చేశాడు ఆ పని.

ఒక సోమవారం పడవను వెల్లకిలా తిప్పి, గొట్టం పెట్టి దాన్నిండా నీళ్లు నింపింది.

"పడవను నీళ్లలో వేస్తారు గానీ నీళ్లను పడవలో పోస్తారటే?" అన్నాడు మామయ్య.

"లోపలికి వచ్చే నీళ్లు ఎటునుంచి వస్తాయో కనిపించదు. బయటికి పోయేవి కనిపిస్తాయి. సరంగు బాబాయ్ చెప్పాడు," అంటూ సుద్దముక్క పట్టుకుని పడవ కిందికి దూరింది. డ్రమ్ముల మధ్య పడుకుని, ముఖం మీద చుక్కలు పడుతుంటే, కారిన ప్రతి చోటా సున్నా చుట్టింది. ముప్ఫై ఏడు సున్నాలు.

రివెట్ కొట్టాలంటే ఇద్దరు కావాలి. బయటినుంచి ఒకరు సుత్తితో కొడుతుంటే లోపలినుంచి ఇంకొకరు బరువైన ఇనుము ఆనించి పట్టుకోవాలి. మామయ్య తన పాత బొగ్గుల ఇస్త్రీపెట్టె తెచ్చాడు.

"పట్టుకున్నారా?"

"పట్టుకున్నా. పళ్లు కూడా బిగబట్టుకున్నా. కొట్టు!"

ముప్ఫై ఏడు రివెట్లూ అయ్యాక ఆయన చెవుల్లో వారం రోజులు మోత. "ఎవరైనా ముప్పావు చేతులు పెట్టమంటే పావు చేతులని వినబడుతోంది" అని తిట్టుకున్నాడు గానీ, వేలితో అతుకులు తడిమి చూసుకుని, "కుట్టు బాగా పడింది" అన్నాడు.

ఇక నేల మూసేయడమే మిగిలింది. కొత్త పలకలు పరిచి, అంచులకు నీళ్లు దిగని బంక పూసి మరలు బిగించేస్తే మళ్లీ తెరవనక్కర్లేదు. ఆఖరి పలక బిగించబోతూ అత్త ఆగింది. ఇంట్లోకి వెళ్లి వాళ్లమ్మ ఇచ్చిన పాత నాణెం ఒకటి తెచ్చింది. టికెట్ కౌంటర్లవాళ్లకు ఒక అలవాటుంది. సొరుగు ఎప్పుడూ ఖాళీగా మూయరు. చెలామణిలో లేని పాత నాణెం ఒకటి మూలన ఉంచుతారు. కౌంటర్ చేతులు మారినప్పుడు పాతవాళ్లు దాన్ని చూపించి మరీ వెళ్తారు. అత్త చేరిన రోజున కూడా ఆమెకు ముందున్నావిడ లెక్కలకన్నా ముందు దాన్నే చూపించింది.

"కొత్తది ఖాళీగా మూయకూడదు," అంటూ పడవ అడుగున, మధ్య గాడిలో, నాణేన్ని జాగ్రత్తగా పెట్టింది. మామయ్య పలక బిగించాడు.

సరంగు తన పాత ఇంజను ఇచ్చాడు. సోమవారాలు నడపడం నేర్పాడు. మొదటిసారి పాయ మధ్యకు వెళ్లాక అత్త చుక్కాని వదిలేసి వెనక్కి తిరిగి చూస్తూ ఉండిపోయింది.

"ఏంటి చిల్లరమ్మా, ఒడ్డు మీద ఏమైనా మర్చిపోయావా?"

"కౌంటర్ ఇంతేనా బాబాయ్? వెనకంతా తుప్పే. లోపల కూర్చుంటే తెలీనేలేదు."

"ముందు చూసి నడుపు. మనిద్దర్లో చూపు తగ్గింది నాకు."

లైసెన్సు పరీక్ష మొదటిసారికే నెగ్గింది. తనిఖీ అయ్యేదాకా పడవను తన పడవ పక్కనే కట్టుకోనిచ్చాడు సరంగు. నెలలో రావాల్సిన ఇన్‌స్పెక్టర్ వానల వల్ల రాలేదు. ఆ తర్వాత బదిలీల వల్ల రాలేదు, మూడోసారి ఎందుకు రాలేదో చెప్పలేదు. నాలుగు నెలలు పడవ నీళ్ల మీదే ఉంది. ఎంత బంక పూసినా, అలలు చిమ్మినవీ, పైన పడినవీ కొన్ని నీళ్లు ఏ పడవకైనా నేల కింద గాడిలో నిలుస్తాయి. పలకలు పొడిగానే ఉన్నాయి కాబట్టి అత్త దిగులుపడలేదు. నలభై అయిదు నిండడానికి మాత్రం ఇరవై రోజులే ఉంది.

ఆఖరికి ఒక బుధవారం వస్తానన్నాడు ఇన్‌స్పెక్టర్. అత్త సెలవు అడిగింది.

"బదులు ఎవరున్నారమ్మా? నువ్వు కౌంటర్ మూస్తే పడవలు ఆగిపోతాయి," అన్నారు ఆఫీసులో.

అందుకని తనిఖీకి మామయ్య వెళ్లాడు. మనుషులకు బదులు ఇసుక బస్తాలు, ఎనిమిదిమంది బరువు. రెండు గంటలు నీళ్లలో నిలవాలి, లోపలి నేల తడవకూడదు. సరంగు అల్లుడు కూడా అర్జీ పెట్టాడు. అతని పడవ పక్కనే ఉంది. ఇదంతా వెనక గోడకు అవతల, అత్త వీపుకు మూడు గజాల దూరంలో జరుగుతోంది. ఆవిడకు బస్తాలు ధబ్బున పడటం వినిపించింది. తర్వాత ఏమీ వినిపించలేదు.

"రెండు పెద్దలు, ఒక పిల్ల."

టికెట్లు ఇచ్చింది.

"అవతలికి నాలుగు. తిరిగి రావడానికి కూడా ఇవ్వండి."

ఇచ్చింది. గంట దాటింది. గోడ వెనక మాటలు మొదలయ్యాయి. మర తిప్పుతున్న కిరకిర. పలక లేపుతున్నారు. అత్త స్టూలు మీంచి సగం లేచింది. లేస్తే తలుపుకు మోకాలు తగిలింది.

"అమ్మా, వినబడుతోందా? మూడు టికెట్లు!"

కూర్చుంది.

కొంతసేపటికి కంతలోకి ఒక చెయ్యి వచ్చింది. బొటనవేలి పక్కన సూది గుచ్చిన మచ్చలు, మోచేతిదాకా తడి. మామయ్య చెయ్యి. బల్లమీద ఒక నాణెం పెట్టి దాన్ని ముందుకు తోసింది. దాని చుట్టూ సున్నంలా తెల్లటి పొడి అంటుకుని ఉంది.

"దీని కింద," అన్నాడు మామయ్య. "సరిగ్గా దీని కిందే. అంతమేరా రేకు పొడైపోయింది. బస్తాల బరువుకు చిల్లుపడి నేల తడిసింది."

అత్త నాణేన్ని తుడిచింది. పొడి కింద ఎర్రగా మెరిసింది. ఇనుము తగలకుండా రబ్బరు వేయించుకున్న మనిషి, రాగి తీగముక్కను కూడా సందులోకి రానివ్వని మనిషి, దీన్ని తన చేత్తో తెచ్చి పెట్టింది. పద్దెనిమిదేళ్లుగా నాణెం అంటే ఆవిడ చూసింది చెల్లేదా చెల్లనిదా అనే. అది రాగి అని ఒక్కసారి కూడా తోచలేదు.

"ఏమన్నాడు?"

"ఆరు నెలలాగి రమ్మన్నాడు. నీ వయసు చెప్పాను. తల అడ్డంగా ఊపాడు." తడి చెయ్యి వెనక్కి తీసుకుంటూ, "అల్లుడి పడవ పొడిగానే ఉంది," అన్నాడు.

వెనకున్నాయన ఓపిక పట్టలేక ముందుకు వంగాడు. "చూసుకోమ్మా, ఆయన చెల్లని నాణెం ఇస్తున్నట్టున్నాడు."

"ఆయనకు టికెట్ అక్కర్లేదండి," అంది అత్త. "మీకెన్ని?"

ఆ చోటు మూయడానికి ఏడు రివెట్లు పట్టాయి. అల్యూమినియం రేకు ముక్కే వేశారు, గంటన్నర పని. ఆ తర్వాత ఆ పడవలోకి చుక్క నీరు రాలేదు. జనాన్ని ఎక్కించకూడదన్న షరతుతో ఆఫీసువాళ్లు దాన్ని కౌంటర్ వెనక స్తంభానికి కట్టుకోనిచ్చారు. సోమవారాలు మామయ్యను ఎక్కించుకుని మలుపుదాకా వెళ్లి వస్తుంది అత్త. మిగతా ఆరు రోజులూ అల వచ్చినప్పుడల్లా పడవ కౌంటర్ వెనక గోడ రేకుకు తగిలి టంగుమంటుంది. ఆ దెబ్బ ఆవిడ వీపుకు తెలుస్తుంది.

మొన్న నేను వెళ్లినప్పుడు వరస పొడుగ్గా ఉంది. ఎవరో అడుగుతున్నారు.

"మూడో నంబరు పడవ ఎన్నింటికండీ?"

"పదిన్నరకి," అంది లోపలినుంచి అత్త గొంతు. "చిల్లర ఉందా?"